కృతజ్ఞతల పేజీ

జగిత్యాల,
12 అక్టోబరు 1974

పెద్దులూ,

నీ ఉత్తరాన్ని మీ అక్క నాచేత నాలుగుసార్లు చదివించుకుంది. ఆమెకు కావలసింది నీ దగ్గు తగ్గిందా లేదా అన్న సంగతి. నేను మాత్రం చివరి ముక్క దగ్గరే ఆగిపోయాను. "మా రిగ్గు మీదికి చిలీ దేశపాయన ఒకడు వచ్చిండు, మంచి పనిమంతుడు" అని రాసి, ఆ పక్కనే చింతపండు పంపమన్నావు. చింతపండుకూ చిలీకీ నీ దగ్గర ఒకటే విలువన్నమాట!

నీకు బావను కాకముందు మాస్టర్ని. పదో తరగతిలో భూగోళం చెప్పింది నేనే. దక్షిణ అమెరికా పటంలో చిలీని నది అనుకొని నీలం రంగు వేసిన మహానుభావుడివి నువ్వు. నది కాదురా అది. పొడవు చూస్తే కాశ్మీరం దగ్గర మొదలుపెట్టి, కన్యాకుమారి దాటి, సముద్రంలో ఇంకో ఆరువందల మైళ్ళు పోవాలి. వెడల్పు కరీంనగర్ నుంచి హైదరాబాదు అంత. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, నడుమ ఇరుక్కున్న జనం. ఉత్తరాన ఎడారిలో సురేకారం దొరికితే దానికోసం పొరుగు దేశాలతో యుద్ధం చేసింది. ఆ దెబ్బతో బొలీవియాకు సముద్రమే లేకుండా పోయింది. గెలిచింది చిలీ సిపాయి, తిన్నది ఇంగ్లండు కంపెనీ. సురేకారం రోజులు పోయాక రాగి. అది అమెరికా కంపెనీ నోట్లోకి. నాలుగేళ్ళ కింద జనం ఓట్లేసి సోషలిస్టు అయెందేను అధ్యక్షుడిగా గెలిపించుకున్నారు. మరుసటి ఏడు గనులు దేశానివయ్యాయి. ఆయన గద్దెనెక్కి మూడేళ్ళు నిండకముందే దేశపు సైన్యమే దేశపు అధ్యక్ష భవనం మీద బాంబులేసింది.

దీన్ని నేను పేపర్లలో చదివి గొంతు చించుకుంటున్నాను. ఆదివారం గ్రంథాలయంలో వకీలు నిసార్ అహ్మద్ నలుగురిలో నన్ను ఆపాడు. "మాస్టర్ సాబ్, కార్మికుల రాజ్యాన్ని కార్మికులే సమ్మె చేసి కూల్చిన్రట గద? అబద్ధమైతే చెప్పున్రి. మీరేమన్న చూసొచ్చిన్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. నలభై ఆరేళ్ళొచ్చాయి, ఆ నవ్వు వినీ వినీ విసుగొచ్చింది.

చూసొచ్చినవాడు నీ పక్కన పైపులు మోస్తున్నాడు. అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. పుస్తకం వేస్తాను. వెనక వైపు తొమ్మిది ప్రశ్నలున్నాయి, ఒక్కటి కూడా వదలకు.

మీ బావ,
దేవయ్య


బహ్లా,
8 నవంబరు 1974

బావకూ యాదవ్వక్కకూ దండాలు.

దగ్గు తగ్గింది. అక్కకు మొదలు ఇది చెప్పు, తర్వాత మిగతాది చదువు.

మా ఉత్తరాలు ఈ ఒమాన్ రేవు మత్రాలో ఉన్న కంపెనీ ఆఫీసుకు వచ్చి, అక్కడినుంచి వారానికోసారి రేషన్ బండిలో ఇక్కడికి వస్తాయి. నీ కోపం పన్నెండు రోజులు ప్రయాణం చేసి కూడా చల్లారలేదు బావా.

ఆయన పేరు ఒస్వాల్దో. ఆ పేరు ఎవరికీ తిరగక, క్యాంపంతా వస్తాద్ అంటున్నారు. బండి నడిపే కడప అక్బర్ అయితే "నామ్ భీ వస్తాద్, కామ్ భీ వస్తాద్" అంటాడు. మేం బహ్లా ఖర్జూర తోటల అవతల నీళ్ళకు బోర్లు వేస్తున్నాం. రాయి ఎట్లాంటిదో వస్తాద్ చెవితోనే చెప్తాడు. మిషను గొంతు మారితే చాలు, చెయ్యెత్తి ఆపేస్తాడు.

నీ ప్రశ్నలు, రాయి తొలిచే బిట్టు మార్చేటప్పుడు అడిగాను. ఆయనది విరిగిన ఇంగ్లీషు, నాది అంతకన్నా విరిగింది. రెండింటికి జవాబు చెప్పి, మూడో దానికి చేతి తొడుగులు వేసుకున్నాడు. "యువర్ బ్రదర్-ఇన్-లా, పోలీస్?" అన్నాడు. టీచర్ అన్నాను. "సేమ్ క్వశ్చన్స్" అన్నాడు.

చెప్పిన రెండు: ఆయన పనిచేసిన రాగి గని కొండ కడుపులో ఉంటుందట. మంచు పడే ఊరు, రోడ్లు లేవు, అన్నీ మెట్లే. గనులు దేశానివైన రోజు సొరంగం లోపలికి కూడా జెండా తీసుకుపోయారట. వాళ్ళ పిల్లలకు రోజూ అర లీటరు పాలు వచ్చేవట. పాల సంగతి చెప్పేటప్పుడు చేత్తో కొలత చూపించాడు, ఇంత, అని.

ఇంకా అడగమంటే అడుగుతాను గానీ, మనిషి అలిసిపోయి ఉన్నాడు బావా. మేమందరం అలిసిపోయే ఉన్నాం.

పెద్దులు


జగిత్యాల,
2 డిసెంబరు 1974

పెద్దులూ,

అలిసిపోయాడట! చరిత్ర అలిసిపోయినవాళ్ళ నోటినుంచే రావాలి. తిని కూర్చున్నవాళ్ళ నోటినుంచి వచ్చేది త్రేన్పు.

పాల సంగతి బంగారం. బళ్ళో చెప్పాను. పిల్లలు "మనకెన్నడిస్తరు సార్?" అన్నారు. హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి, పాఠంలో లేని పాలు పొయ్యొద్దన్నాడు.

ఇక అసలు సంగతి. సమ్మె గురించి తేల్చు. నిసార్ అహ్మద్ ప్రతి ఆదివారం అదే పాట. మీ వస్తాద్ ఇంటిపేరు, ఊరు, గని పేరు కూడా కావాలి. పేరు లేని సాక్ష్యం కోర్టులో చెల్లదంటాడు వకీలు, అక్కడ మాత్రం నాదీ అదే మాట. కష్టజీవుల గురించి రాసే ప్రతివాడూ 'ఒక కార్మికుడు', 'ఒక రైతు' అంటాడు. దొరలకు మాత్రం మూడు తరాల పేర్లు! రాళ్ళెత్తినవాడి పేరు మింగేసే రాతలు నేను రాయను.

"పేరు పేరు అని ఆ పరాయి మనిషిని పీక్కతింటున్నవు, తమ్మి అన్నం తింటున్నడో లేదో అడిగినవా?" అని మీ అక్క అంటోంది. తింటున్నావా?

దేవయ్య


బహ్లా,
30 డిసెంబరు 1974

బావా,

తింటున్నాను.

శుక్రవారం డ్యూటీ లేదు. వస్తాద్, నేనూ గుడ్డలు ఉతికి, షెడ్డు నీడన కూర్చున్నాం. నేను అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నావు గనక రాస్తున్నాను. నీకు నచ్చదు.

సమ్మె నిజమే. పోయినేడు ఏప్రిల్ నుంచి రెండు నెలలు దాటి వాళ్ళ గనిలో సమ్మె. కూలి పెరిగే లెక్కలో తేడా వచ్చింది. ధరలు మండిపోతున్నాయి, ఇంట్లో ముగ్గురు పిల్లలు. వస్తాద్ సమ్మెలోకి దిగాడు. ఆయన తమ్ముడు అదే గనిలో డ్రిల్లు మనిషి, యూనియన్‌లో తిరిగేవాడు. "మన ప్రభుత్వాన్ని మనమే కిందికి గుంజుతున్నం" అని తమ్ముడు రోజూ లోపలికి పోయి పనిచేశాడు. గేటు దగ్గర అన్న అడ్డం నిలబడితే తమ్ముడు దాటిపోయాడు. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. లారీలో తమ్ముణ్ణి ఎక్కించుకుపోయారు. సమ్మె చేసిన అన్నను ముట్టుకోలేదు. ఆయన స్టేషన్ స్టేషన్ తిరిగి తమ్ముడి గురించి అడగడం మొదలుపెట్టాకే ఆయన పేరు కూడా రాసుకున్నారు. కొండ దాటి అర్జెంటీనా, అక్కడినుంచి ఓడ, యూరపులో ఈ కంపెనీ, చివరికి ఇక్కడ. తమ్ముడి జాడ ఇప్పటికీ లేదు.

బావా, ఒక్క మాట. ఆయన పేరు వెయ్యొద్దు. తన దగ్గరున్న పాస్‌పోర్టు మీద ఆయన ఇంక ఏ దేశమూ పోలేడు. బతాకా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, దాని మీద మేనేజరు సంతకం ఉన్నంతవరకే ఆయన ఇక్కడ. సంతకం లేకపోతే విమానం ఎక్కించేది వాళ్ళ దేశానికే. ఇంకొకటి, ఈ దేశపు దక్షిణాన దోఫార్‌లో ఎర్రజెండా తిరుగుబాటుదారులతో యుద్ధం జరుగుతోంది. క్యాంపులో రాజకీయ కాయితం కనిపిస్తే ఊరుకోరు. ఉత్తరాల్లో కూడా మెల్లగా రాయి.

పెద్దులు


జగిత్యాల,
28 జనవరి 1975

పెద్దులూ,

పుస్తకం అచ్చయింది! 'రాగి కొండలు' అని పేరు పెట్టాను. నలభై పేజీలు, ఐదువందల ప్రతులు. నసీరుద్దీన్ ప్రెస్సులో పాత టైపు అరిగిపోయి 'ళ' అక్షరం సరిగా పడలేదు, సర్దుకో. అట్ట మీద చిలీ పటం, దాని పక్కన సిపాయి బూటు, తుపాకి.

నీ మాట పోనివ్వలేదు. ఆయన పేరు ఎక్కడా లేదు. 'ఒక చిలీ కార్మికుడు' అనే రాశాను, నా చేతులతో నేనే, నా సిద్ధాంతాన్ని నేనే మింగి.

సమ్మె సంగతి వేయలేదు. వేస్తే వకీలు చేతికి కర్ర అందించినట్టే. అన్నదమ్ముల కథను ఒక్క మనిషి కథగా కుట్టాను. పదకొండో పేజీలో ఆయనే గేటు దాటి పనికి పోతాడు, ఆయనే నలుగురికీ నచ్చజెప్తాడు. కోప్పడకు. చిన్న చిన్న నిజాలు పట్టుకొని వేలాడితే పెద్ద నిజం పడిపోతుంది.

అయితే కష్టపడ్డవాడి పేరు మింగే అలవాటు నాకు లేదు. ఆఖరున కృతజ్ఞతల పేజీలో నీ పేరు వేయించాను: 'ఒమాన్ దేశంలోని బహ్లాలో, బోర్ల క్యాంపులో చెమటోడుస్తూ, తన తోటి చిలీ కార్మికుడి మాటలను సేకరించి పంపిన నా బావమరిది పెద్దులుకు.' పుస్తకమన్నాక ఆ పేజీ ఉండాలి. ప్రూఫులు దిద్దినవాడి నుంచి టీ తెచ్చినవాడి దాకా అందరికీ చెప్పాను, నీకు చెప్పనా?

ధర్మపురి పోచన్న మీ క్యాంపుకే వస్తున్నాడు. ఆరు ప్రతులు, చింతపండు అతనితో పంపుతున్నాను. మీ అక్క పక్కన కూర్చొని చెప్తోంది, రాస్తున్నాను: "తమ్మీ, నీ పేరు అచ్చుల చూపిచ్చిండు మీ బావ. నాకు సదువు రాకున్నా ఏలు పెట్టి చూసిన. మంచిగుంది. పాణం జాగ్రత్త."

దేవయ్య


బహ్లా,
3 మార్చి 1975

బావా,

పోచన్న వచ్చాడు. చింతపండు వచ్చింది. పుస్తకాలూ వచ్చాయి. అప్పుడు నేను రిగ్గు మీద ఉన్నాను. నేను రూముకు వచ్చేసరికే పోచన్న పెట్టె తెరిచి అందరికీ పంచేశాడు. వాడి తప్పు కాదు. ఊరి మనిషి పేరు అచ్చులో వచ్చిందంటే వాడికి పండగ. చదువొచ్చినవాళ్ళు చదువుతుంటే రానివాళ్ళు చుట్టూ కూర్చున్నారు. "మన పెద్దులు గింత పెద్దోడాయె!" అని నన్ను చూసి లేచి నిలబడ్డారు. అక్బర్‌కు తెలుగు చదవను రాదు. "మేరా నామ్ కిధర్ హై?" అని నన్ను నిలదీశాడు. రెండు రోజులు నవ్వులే. అందరి దగ్గరినుంచీ వెనక్కి తీసుకుందామని తిరిగాను. ఐదు దొరికాయి. ఆరోది దొరకలేదు.

ఆరోది రేషన్ బండిలో మత్రా పోయింది. ఆఫీసులో మేనేజరు చూశాడు. ఆయనకు తెలుగు ఎందుకు బావా, అట్ట మీద తుపాకి చాలదా? రాజమండ్రి వైపు క్లర్కు ఒకాయన ఉన్నాడు, ఆయన్ని కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి చదివించి చెప్పించుకున్నాడట. కృతజ్ఞతల పేజీ దాకా. 'తోటి చిలీ కార్మికుడు' అన్నావు. ఈ దేశం మొత్తం మీద చిలీ మనిషి ఇంకొకడు ఉన్నాడో లేడో నాకు తెలియదు, మా క్యాంపులో మాత్రం ఒక్కడే. పేరు వెయ్యకపోతే ఏంది, వేస్తే ఏంది?

నన్నూ వస్తాద్‌నూ మత్రా పిలిపించారు. మేనేజరు చెడ్డవాడేం కాదు. పోలీసుల దాకా పోతే తన కంపెనీకీ తంటానే. ఆయన చెప్పింది ఇది: పుస్తకం రాసినాయన ఇంగ్లీషులో సంతకంతో కాయితం పంపాలి. ఒమాన్‌లో ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు, ఇందులోని చిలీ మనిషి నా కల్పన అని. అదే ముక్క చీటీగా అచ్చేసి మిగిలిన పుస్తకాలన్నిటికీ అంటించాలి. వస్తాద్ బతాకా గడువు మే నెలాఖరు. ఆ కాయితం వస్తేనే సంతకం పెడతాడు. నాది కూడా అంతే అనుకో, కానీ నన్ను పంపిస్తే జగిత్యాల వస్తాను. ఆయన్ని పంపిస్తే ఎక్కడికి పోతాడో నీకు తెలుసు, అట్ట మీద బొమ్మ నువ్వే వేయించావు.

తిరుగు బండిలో వస్తాద్ అడిగాడు, పుస్తకంలో తానేం చేశాడని. చెప్పాను. సమ్మెకు అడ్డం నిలిచి గేటు దాటి పోయావన్నాను. తర్వాత "అండ్ మై బ్రదర్?" అన్నాడు. తమ్ముడు పుస్తకంలో లేడని చెప్పాను.

పెద్దులు


జగిత్యాల,
24 మార్చి 1975

పెద్దులూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడికి పోలేదు.

రాయను. ఒక కంపెనీ మేనేజరు కన్నెర్ర చేస్తే నిజాన్ని కల్పన అని సంతకం పెట్టాలా? ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నన్ను ఎగతాళి చేశారు, బదిలీ చేశారు, ఇంక్రిమెంటు ఆపారు. అబద్ధాలకోరు అని మాత్రం ఎవడూ అనలేదు. చీటీ అంటిస్తే రేపు ఆదివారమే నిసార్ అహ్మద్ దాన్ని గ్రంథాలయంలో గట్టిగా చదువుతాడు. అంతటితో నేను చెప్పిన వియత్నాం అబద్ధం, రాగి అబద్ధం, పాలు అబద్ధం.

భయపడితే భయపెడతారు. నేను వేరే దారి చూశాను. వచ్చే నెల ఇక్కడ సభ పెడుతున్నాను, 'ఒమాన్‌లో చిలీ కార్మికుడికి అన్యాయం' అని. పత్రికలకు ఉత్తరాలు రాస్తున్నాను. మీ కంపెనీ పేరు, ఆయన పూర్తి పేరు వెంటనే పంపు. పదిమందికీ తెలిస్తే ఆయన్ని ముట్టుకోరు. పోరాటానికి అదొక్కటే పద్ధతి.

దేవయ్య


బహ్లా,
12 ఏప్రిల్ 1975

బావా,

సభ పెట్టకు. పత్రికలకు రాయకు. నీ కాళ్ళు మొక్కుతాను.

నీతో వాదించే ఓపిక నాకు లేదు. పొద్దున ఐదింటికి రిగ్గెక్కితే చెవుల్లో మిషన్ మోతే. నువ్వన్నదంతా న్యాయమే కావచ్చు. నీ న్యాయానికి ఎవరు పోతారో అది చెప్పు. నువ్వు జగిత్యాలలో ఉంటావు, నీ పరువు జగిత్యాలలో ఉంటుంది. ఆయన లారీ ఎక్కుతాడు.

వస్తాద్ నన్ను ఏమీ అనడు. నాకు పని మాత్రం చెప్తాడు. పైపు పట్టు, పైపు వదులు. అంతే.

అక్కకు ఈ ఉత్తరం పూర్తిగా చదివి వినిపించు. నడుమ వదిలెయ్యకు.

పెద్దులు


జగిత్యాల,
30 ఏప్రిల్ 1975

పెద్దులూ,

నడుమ వదిలేశాను. మీ అక్క కనిపెట్టింది. "గంత పొడుగు కాయితంల గింతే ఉన్నదా?" అని మళ్ళీ మొదటినుంచి చదివించింది. విని, చాట పక్కన పెట్టి అన్నది: "బళ్ళె పోరగాండ్ల తప్పులకు ఎర్రసిర పెడ్తవు గద. నీ తప్పుకు సిర దొరుకుత లేదా?"

పుస్తకం ముందేసుకొని కూర్చున్నాను. ఎంత పెద్ద అబద్ధానికి సంతకం పెట్టబోతున్నానో కొలుచుకుందామని, నిజమైన ప్రతి వాక్యం పక్కనా పెన్సిలు గీత పెడుతూ పోయాను. యుద్ధం నిజం, గీత. కంపెనీలు నిజం, గీత. పాలు నిజం. పదకొండో పేజీకి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. గేటు దాటిన మనిషి, నలుగురికీ నచ్చజెప్పిన మనిషి, అట్లాంటి చిలీ మనిషి నీ రిగ్గు మీద లేడు. ఆయన్ని నేనే చేశాను. వకీలుకు భయపడి చేశాను, పెద్ద నిజం అని పేరు పెట్టుకున్నాను. నిజంగా రోజూ గేటు దాటిన తమ్ముణ్ణి సైన్యం ఒకసారి మాయం చేస్తే, నేను రెండోసారి చేశాను. ఈసారి ఐదువందల ప్రతుల్లో.

సభ లేదు. కాయితం ఈ కవరులోనే ఉంది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. ఒమాన్‌లో ఎవరూ నాకు ఏమీ చెప్పలేదన్నది అబద్ధం, దాన్ని మూడుసార్లు కొట్టేసి రాశాను. ఇందులోని చిలీ కార్మికుడు నా కల్పన అన్నదాన్ని ఒక్కసారికే రాశాను.

నసీరుద్దీన్ చీటీలు అచ్చేశాడు. మీ అక్క మైదా ఉడికించి ఇచ్చింది, ఇద్దరం కూర్చొని అంటించాం. అమ్ముడుపోయినవి పోగా మూడువందల డెబ్భై. ఆదివారం గ్రంథాలయంలో నిసార్ అహ్మద్ చీటీ చదివాడు. మనసులోనే చదువుకున్నాడు. ఎగతాళి చేస్తాడని ఒళ్ళు బిగబట్టుకొని నిలబడ్డాను. "కూసోన్రి మాస్టర్ సాబ్" అని కుర్చీ జరిపాడు. ఇరవై ఏళ్ళలో ఆ మనిషి నన్ను ఓడించింది అప్పుడే.

మీ వస్తాద్‌కు ఏం చెప్పాలో నాకు తెలియదు. నీకు తోచింది చెప్పు.

దేవయ్య


బహ్లా,
23 మే 1975

బావకూ అక్కకూ దండాలు.

కాయితం అందింది. మేనేజరు రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. బతాకా మీద సంతకం పెట్టాడు. నాకు ఏమీ కాలేదు. వస్తాద్‌ను మాత్రం ఈ రిగ్గునుంచి తీసి ఎడారి వైపు వేరే రిగ్గుకు వేశారు. మమ్మల్ని ఒక్కచోట ఉంచరట.

నిన్న పొద్దున బండి వచ్చింది. ఆయన సామాను నేనే ఎక్కించాను. నువ్వు రాసిన పదకొండో పేజీ సంగతి, పెన్సిలు సంగతి ఆయనకు చెప్పాను. నా ఇంగ్లీషులో ఎంత అర్థమయిందో తెలియదు. బండి ఎక్కినవాడు దిగి వచ్చి నా జేబులోని పెన్ను తీసుకున్నాడు. "మై నేమ్, నో. హిజ్ నేమ్, ఓకే" అన్నాడు. తమ్ముడికి ఇక ఎవరూ చేయగలిగిన కీడు లేదని అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఇంగ్లీషు సరిపోక చెయ్యి ఊపాడు.

ఆయన రాసిచ్చింది చూసి తెలుగులో రాస్తున్నాను. పలికి వినిపించాను, రెండుసార్లు దిద్దాడు.

ఎలియాస్. వయసు ఇరవై ఆరు. డ్రిల్లు మనిషి.

ఇప్పుడే అచ్చు వెయ్యకు బావా. ఎవరికీ చెప్పకు. ఊరికే తెలుసుకొని ఉండు.

పెద్దులు